మోతాదు తెలియని భయం

"మోతాదు" అనే మాటను అచ్చమైన తెలుగు మాటగానే మనమందరం వాడుకుంటున్నాం. "మందు మోతాదు మించరాదు" అని పల్లెలోని నాటువైద్యుడు చెప్పినా, పట్టణంలోని డాక్టరు చెప్పినా, వినేవారు దాని అర్థం అడగవలసిన పని లేదు. అరబీ భాషలో "ముఅతాద్" అనగా అలవాటైనది, పరిపాటిగా ఇచ్చేది. ఆ మాట దక్కను నేల మీదుగా తెలుగులోకి వచ్చి, మందుకు కొలతగా స్థిరపడింది. ఉర్దూ, తెలుగు విభాగాలు ఒకే వరండాలో ఉన్న మన కళాశాల పత్రికలో ఒక విజ్ఞాన విషయాన్ని ప్రస్తావించడానికి ఈ మాటకంటే తగిన ప్రారంభం మాకు తోచలేదు. ఎందుకంటే మేము చెప్పదలచిన విషయమంతా మోతాదుకు సంబంధించినదే. వైద్యంలో వాడే కిరణాలను గురించి మన ప్రజలలో భయం ఉన్నది, నిర్లక్ష్యమూ ఉన్నది. ఉండవలసిన కొలత మాత్రం లేదు.

భాషా బోధకులకు భౌతికశాస్త్రంతో పనేమిటని పాఠకులు అడగవచ్చు. ఆ ప్రశ్నకు సమాధానంగా మా వలన జరిగిన ఒక పొరపాటును ఇక్కడ చెప్పుకోవలసియున్నది. కొన్నేళ్ళ క్రితం మా పూర్వ విద్యార్థి ఒకడు తన తల్లిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ఆమెకు గర్భాశయ ముఖద్వారంలో కేన్సర్ అని తేలింది. ఆసుపత్రివారు ఇచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని మా చేతికిచ్చి, "సార్, ఇందులో ఏముందో మా అమ్మకు తెలిసేటట్టు చెప్పండి" అన్నాడు. వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు, మొత్తం 25 పర్యాయాలు కిరణ చికిత్స చేయవలెనని అందులో ఉన్నది. మాకు తెలిసిన నాలుగు మాటలను పోగుచేసి, "కిరణాలతో లోపలి గడ్డను కాలుస్తారమ్మా" అని చెప్పాము. ఆమె కాసేపు ఊరకుండి, "అంటే కరెంటు పెడతారా అయ్యా? కరెంటు పెడితే మనిషి మిగులుతుందా?" అని అడిగింది. ఏమీ కాదని ధైర్యం చెప్పి పంపాము. ఎందువలన ఏమీ కాదో మాత్రం చెప్పలేకపోయాము, అది మాకే తెలియదు గనుక.

ఆమె 11 పర్యాయాలు చికిత్స చేయించుకొని మానివేసింది. నీరసం, విరేచనాలు మొదలయ్యేసరికి, లోపలంతా కాలిపోతున్నదని ఇరుగుపొరుగువారు నమ్మించారు. మూడు నెలల తరువాత మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళేనాటికి వ్యాధి చేయిదాటిపోయింది. ఆమె మరణానికి మా మాట ఒక్కటే కారణమని మేము అనుకోవడం లేదు. అయితే "కాలుస్తారు" అన్న ఆ ఒక్క క్రియాపదం ఆమె మనస్సులో ఏ పని చేసినదో తలచుకుంటే నేటికీ మాకు బాధ కలుగుతూనే ఉంటుంది. ఆ తరువాతనే మేము పుస్తకాలు తిరగవేశాము, మా భౌతికశాస్త్ర సహాధ్యాపకులను ఆశ్రయించాము. తెలుసుకొన్నదానిని పదిమందితో పంచుకొనడం మా విధి.

మన ఊళ్ళలో కిరణ చికిత్సను "కరెంటు పెట్టడం" అంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో "బిజ్లీ కీ సికాయీ" అంటారు, అనగా విద్యుత్తుతో కాపడం పెట్టడం. ఈ రెండు మాటలూ తప్పుదారి పట్టించేవే. రోగి శరీరంలోనికి విద్యుత్ ప్రవాహం ఏదీ పోదు. కాపడమంత వేడి కూడా పుట్టదు. మరి జరిగేదేమిటి?

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వూర్జ్‌బర్గ్ నగరంలో విల్హెల్మ్ రాంట్‌జెన్ అనే ఆచార్యుడు, నల్లని కాగితంతో కప్పిన గాజుగొట్టం నుండి కంటికి కనబడని కిరణాలేవో వెలువడి దూరాన ఉన్న తెరను మెరిపించడం గమనించాడు. వాటి స్వభావం తెలియదు గనుక, బీజగణితంలో తెలియని రాశికి పెట్టినట్లే "ఎక్స్" అని పేరు పెట్టాడు. ఉర్దూ బీజగణితంలో ఎక్స్‌కు బదులు "లా" అనే గుర్తును వాడేవారు. అందుచేత ఉర్దూలో ఇవి "లా షుఆయేఁ" అయినాయి. తెలుగువారు ధ్వనిని పట్టుకొని "క్ష-కిరణాలు" అన్నారు. ఒకరు అర్థాన్ని, మరొకరు శబ్దాన్ని గ్రహించారు. రెండూ చక్కని పదాలే. కాని పేరు పెట్టినంత మాత్రాన తెలియనిది తెలిసినట్లు కాదు గదా!

ఎక్స్‌రేలు, రేడియోధార్మిక పదార్థాల నుండి వచ్చే గామా కిరణాలు సూర్యకాంతికి తోబుట్టువులే. అన్నీ విద్యుదయస్కాంత తరంగాలే. భేదం శక్తిలో ఉన్నది. కాంతి కణం పరమాణువును తాకితే దానిని కొంత కదిలించి ఊరుకుంటుంది. ఎక్స్‌రే కణం తాకితే పరమాణువులోని ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టి బయటకు తరిమివేస్తుంది. ఎలక్ట్రాన్ పోగొట్టుకొన్న పరమాణువును అయాన్ అంటాం. అందుకే ఈ జాతి కిరణాలకు అయనీకరణ వికిరణం అని పేరు. వైద్యంలో దీని వలన కలిగే మేలూ కీడూ రెండింటికీ మూలం ఈ ఒక్క పనిలోనే ఉన్నది.

ఈ పని మూడు విధాలుగా జరుగుతుంది. మొదటిది, కిరణకణం తన శక్తినంతా ఒకే ఎలక్ట్రాన్‌కు ఇచ్చివేసి తాను అంతరించడం. ఇది తక్కువ శక్తి గల కిరణాలలో అధికం. పదార్థపు పరమాణు సంఖ్య పెరిగినకొద్దీ, సుమారుగా దాని ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. ఎముకలోని కాల్షియం సంఖ్య 20, కండలో, నీటిలో ఉన్న ఆక్సిజన్ సంఖ్య 8. ఈ భేదం వలననే ఎముక కిరణాలను మ్రింగివేసి ఫిల్ము మీద తెల్లగా పడుతుంది, కండ గుండా కిరణాలు దాటిపోతాయి. సీసం సంఖ్య 82. ఎక్స్‌రే గదిలో సీసపు ఆప్రాన్ ధరించడంలోని రహస్యం ఇదే. రెండవది, కిరణకణం ఎలక్ట్రాన్‌ను ఢీకొని, కొంత శక్తినిచ్చి, తాను దారి మళ్ళిపోవడం. దీనిని 1923లో ఆర్థర్ కాంప్టన్ వివరించాడు. కేన్సర్ చికిత్సలో వాడే అధిక శక్తి కిరణాలలో ప్రధానంగా జరిగేది ఇది. ఇందులో ఎముకకు, కండకు పెద్దగా తేడా ఉండదు. కావుననే ఆ కిరణాలు ఎముకను దాటి లోపలి గడ్డను చేరగలవు. మూడవది, మరీ అధిక శక్తి గల కణం కేంద్రకం సమీపంలో తానే ఒక ఎలక్ట్రాన్‌గా, ఒక పాజిట్రాన్‌గా మారడం. దీనిని ఇక్కడ విస్తరించి చెప్పనవసరం లేదు.

ఊడిపోయిన ఎలక్ట్రాన్ ఊరకే పోదు. దారిలోని ఇతర పరమాణువులను అయనీకరిస్తూ పోతుంది. మన శరీరంలో అధిక భాగం నీరే గనుక నీటి అణువులు చీలి, తీవ్రమైన రసాయన చర్య గల ముక్కలు పుడతాయి. అవి గాని, ఎలక్ట్రాన్ స్వయంగా గాని కణంలోని డి.ఎన్.ఏ. గొలుసును తెంచుతాయి. ఆ గొలుసు రెండు పేటల తాడు వంటిది. ఒక పేట తెగితే కణం సులువుగా అతుక్కుంటుంది. రెండు పేటలూ ఒకే చోట తెగితే అతకడం కష్టం. అతకలేని కణం విభజన చెందబోయినప్పుడు మరణిస్తుంది. సాధారణ కణానికి మరమ్మతు చేసుకొనే సామర్థ్యం ఎక్కువ. కేన్సర్ కణాలకు ఆ సామర్థ్యం చాలా వరకు తక్కువ. చికిత్సను రోజుకు కొంత చొప్పున 25, 30 రోజులకు పంచడంలోని ఉద్దేశం ఇదే. రాత్రికి రాత్రి మంచి కణాలు కోలుకుంటాయి, చెడ్డవి వెనుకబడతాయి. మధ్యలో చికిత్స మానివేస్తే, మిగిలిన చెడ్డ కణాలు తిరిగి పుంజుకుంటాయి. మా విద్యార్థి తల్లికి ఆనాడు మేము చెప్పవలసిన మాట ఇది. "కాల్చడం" కాదమ్మా, "చెడ్డ కణం తిరిగి పుట్టకుండా దాని తాడు తెంచడం" అని చెప్పి ఉండవలసింది. విరేచనాలు ప్రక్కనున్న పేగు పొరకు తగిలిన దెబ్బ వలన వచ్చేవనీ, వాటికి మందులున్నాయనీ, చాలా వరకు చికిత్స ముగిసిన కొద్ది వారాలకు తగ్గుతాయనీ కూడా చెప్పి ఉండవలసింది.

ఇక కొలత విషయం. పదార్థంలో ఒక కిలోగ్రాముకు ఒక జౌలు శక్తి చేరితే దానిని ఒక గ్రే అంటారు. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు లూయీ హెరాల్డ్ గ్రే పేరు మీద 1975లో ఈ ప్రమాణం ఏర్పడింది. పాత పుస్తకాలలో కనిపించే రాడ్‌లు నూరు కలిస్తే ఒక గ్రే. శరీరమంతటికీ ఒకేసారి 4 గ్రేలు తగిలి, వైద్యం అందకపోతే, అటువంటి వారిలో సుమారు సగం మంది రెండు నెలలలోపల మరణిస్తారు. అంత ప్రాణాంతకమైన ఆ మోతాదులో వేడి ఎంతో లెక్కవేసి చూడండి. 70 కిలోల మనిషికి 280 జౌళ్ళు, అనగా 67 కేలరీలు. 60 డిగ్రీల వేడి గల ఇరానీ చాయ్ ఒక చిన్న గుటక, మూడు మిల్లీలీటర్లు, త్రాగితే శరీరానికి చేరే వేడి కూడా ఇంచుమించు అంతే. శరీర ఉష్ణోగ్రత ఒక డిగ్రీలో సుమారు వెయ్యవ వంతు మాత్రమే పెరుగుతుంది. కాబట్టి ఇది కాపడం కాదు, కాల్చడమూ కాదు. శక్తి ఎంత అన్నదానికంటే, ఆ శక్తి ఎక్కడ ఎట్లా పడినదన్నదే ముఖ్యం. చాయ్ వేడి ఒళ్ళంతా పరచుకొంటుంది. కిరణం శక్తి సూదిమొన వలె ఒక్కొక్క అణువు మీద పడుతుంది.

వేడిని బట్టి కొలవడం ఇంత కష్టం గనుక, శాస్త్రజ్ఞులు అయాన్లనే లెక్కపెట్టే ఉపాయం కనిపెట్టారు. చిన్న గదిలో గాలిని ఉంచి, కిరణం దానిలో పుట్టించిన విద్యుదావేశాన్ని పోగుచేసి కొలుస్తారు. గాలిలో ఒక అయాన్ జంట పుట్టడానికి సగటున సుమారు 34 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి పడుతుంది. ఆవేశం తెలిస్తే శక్తి తెలుస్తుంది, శక్తి తెలిస్తే మోతాదు తెలుస్తుంది. ఈ సూత్రం మీదనే 1928లో స్టాక్‌హోం సభలో రాంట్‌జెన్ పేరుతో మొదటి అంతర్జాతీయ ప్రమాణాన్ని అంగీకరించారు. నేటికీ చికిత్సా యంత్రాల మోతాదును సరిచూడడానికి అయనీకరణ గదినే వాడుతున్నారు.

అంతవరకు గడచిన ముప్పదిమూడేళ్ళు కొలత సరిగా లేని కాలం. చర్మం ఎర్రబారడమే ఆనాటి వైద్యులకు మోతాదు గుర్తు. గొట్టం బాగా పనిచేస్తున్నదో లేదో చూడడానికి పనివారు తమ చేతినే అడ్డుపెట్టేవారు. ఎడిసన్ వద్ద పనిచేసిన క్లారెన్స్ డాలీ చేతులు పోగొట్టుకొని 1904లో మరణించాడు. రేడియం కనుగొన్న మేరీ క్యూరీ 1934లో రక్తం ఉత్పత్తి కాని వ్యాధితో కన్నుమూసింది. జర్మనీలోని హాంబర్గ్ నగరంలో ఒక ఆసుపత్రి ఆవరణలో 1936లో ఈ విద్యకు బలియైనవారి స్మారక స్తంభం నెలకొల్పారు. మొదట దాని మీద చెక్కినవి 169 పేర్లు. కొలత అంటే పుస్తకాలలోని ఎండు లెక్క అనుకొనేవారు ఆ స్తంభాన్ని తలచుకోవాలి.

ఒకే శక్తి గల వేర్వేరు కిరణాలు శరీరానికి చేసే హాని ఒకటి కాదు. ఆల్ఫా కణం కాగితాన్ని కూడా దాటలేదు గాని, లోపలికి చేరితే ఎక్స్‌రేకంటే ఇరవై రెట్ల హాని చేయగలదని లెక్కిస్తారు. ఈ భేదాన్ని కలుపుకొన్న ప్రమాణం సీవర్టు. దానిలో వెయ్యవ వంతు మిల్లీసీవర్టు. ఈ కొలత చేతిలో ఉంటే మన భయాలను ఒక వరుసలో నిలబెట్టవచ్చు. నేల నుండి, ఆకాశం నుండి, తినే తిండి నుండి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు సహజంగానే అందుతున్నాయి. కేరళ తీరంలోని కరునాగపల్లి ఇసుకలో థోరియం ఉండడం చేత అక్కడివారికి ఇంతకు ఎన్నో రెట్లు అందుతున్నా, కేన్సర్ అధికం కాలేదని 2009లో ప్రచురించిన పరిశీలన తెలిపింది. ఛాతీ ఎక్స్‌రేకు పట్టేది 0.1 మిల్లీసీవర్టుకు లోపే. అదే ఛాతీకి సి.టి. స్కాన్ తీస్తే 5 నుండి 10 మిల్లీసీవర్టుల దాకా కావచ్చు. అనగా ఒక సి.టి. స్కాన్ కొన్ని పదుల, ఒక్కొక్కప్పుడు వందల ఎక్స్‌రేలకు సమానం.

ఇప్పుడు మన నడవడి చూడండి. చెయ్యి విరిగిన పిల్లవానికి ఒక ఎక్స్‌రే అంటే తల్లులు వణుకుతారు. తలనొప్పికి డాక్టరు అక్కరలేదన్నా సి.టి. స్కాన్ తీయించుకొని సంతృప్తి పడేవారూ మనలోనే ఉన్నారు. కిరణ చికిత్స పొందుతున్న తల్లి ప్రక్కన పిల్లలను పడుకోనివ్వని ఇళ్ళు మాకు తెలుసు. బయటి యంత్రం నుండి కిరణాలు పొందిన రోగి శరీరంలో, దీపం ఆర్పిన గదిలో వెలుగు మిగలనట్లే, ఏమీ మిగలదు. ఆ తల్లి తన బిడ్డను నిస్సంకోచంగా కౌగిలించుకోవచ్చు. రేడియోధార్మిక అయొడిన్ వంటి మందును లోపలికి తీసుకొన్నవారు మాత్రమే డాక్టరు చెప్పినన్ని రోజులు దూరం పాటించాలి. ఈ ఒక్క భేదం తెలియక ఎందరు తల్లులు అంటరానివారివలె రోజులు గడుపుతున్నారో ఆలోచించండి.

నిర్లక్ష్యం సంగతి మరొకటి. ఒక చిన్న పట్టణంలోని ఎక్స్‌రే గదిలో మేము స్వయంగా చూశాము. పనిచేసే యువకుడు ఆప్రాన్ లేకుండా ప్రతి పిల్లవానినీ తానే పట్టుకొంటున్నాడు. ఛాతీకి ఉండవలసిన బ్యాడ్జి బల్ల సొరుగులో ఉన్నది. "పోతే జవాబు చెప్పుకోవాలి సార్, అందుకే దాచిపెట్టాను" అన్నాడు. ఆ బ్యాడ్జిలో కాల్షియం సల్ఫేట్ బిళ్ళలు మూడుంటాయి. కిరణాల శక్తిని అవి తమలో నిలువచేసుకొని, తరువాత వేడిచేసినప్పుడు కాంతిగా వెళ్ళగక్కుతాయి. ఆ కాంతిని కొలిచి, సాధారణంగా మూడు నెలలకొకసారి, పనివానికి ఎంత మోతాదు తగిలినదో చెబుతారు. మన దేశంలో పనివారికి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు మించరాదని నియమం. సొరుగులోని బ్యాడ్జి సొరుగు ఆరోగ్యాన్ని చెబుతుంది గాని మనిషి ఆరోగ్యాన్ని చెప్పదు!

అజ్ఞానం ఎంత దూరం పోగలదో రెండు ఉదాహరణలు చాలును. 1987లో బ్రెజిల్ దేశంలోని గోయానియా నగరంలో, పాడుపడిన చికిత్సాలయంలో వదలివేసిన సీజియం యంత్రపు భాగాన్ని ఇద్దరు ఎత్తుకుపోయి పాత ఇనుప సామాన్ల వర్తకునికి అమ్మారు. చీకటిలో నీలంగా మెరిసే ఆ పొడిని బంధుమిత్రులు ముచ్చటపడి పంచుకొన్నారు. నలుగురు మరణించారు, వారిలో ఆరేళ్ళ పాప ఒకతె. లక్షకు పైగా జనాన్ని పరీక్షింపవలసి వచ్చింది. 2010లో మన ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుప బజారుకు చేరిన కోబాల్టు పరికరం ఒక కార్మికుని ప్రాణం తీసింది. అది ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాల నుండి వేలంలో పోయినదే. బ్రెజిల్ కూలీవానికి తెలియలేదంటే క్షమించవచ్చు. విద్యాలయాల గుమ్మంలోనే అజ్ఞానం ఉంటే ఏమనాలి?

కావున మేము మూడు విషయాలు కోరుతున్నాము. మొదటిది, కిరణ చికిత్స చేసే ప్రతి ఆసుపత్రిలోను రోగికి తెలుగులోను, ఉర్దూలోను రెండు పుటల కాగితం ఇవ్వాలి. ఎన్ని పర్యాయాలు, ఎందుకు మధ్యలో మానరాదు, ఏ బాధ ఎన్నాళ్ళుంటుంది, పిల్లలను దగ్గరకు తీసుకోవచ్చునా అనే నాలుగు ప్రశ్నలకు అందులో జవాబుండాలి. రెండవది, సి.టి. స్కాన్ నివేదిక మీద రోగి పొందిన మోతాదును, దానిని సహజంగా అందే మోతాదుతో పోల్చి వ్రాయాలి. అంకెలు చూపితే రోగి బెదరుతాడని కొందరు డాక్టర్లు అంటారు. అంకె లేని చోటనే బెదురు హద్దు దాటుతుందని మా అనుభవం. మూడవది, ఎక్స్‌రే విద్య నేర్చే మన పిల్లలకు మొదటి పాఠం యంత్రం కాదు, బ్యాడ్జి కావాలి.

ఇంగ్లీషు మాటలన్నింటినీ తరిమివేసి కొత్త పదాలు పోతపోయాలని మా వాదం కాదు. ఎక్స్‌రేను ఎక్స్‌రే అనే అందాం. 1918లో ఉర్దూ మాధ్యమంగా స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పుస్తకాలు సమకూర్చిన అనువాద సంస్థ, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ మనకు పదాలను ఇచ్చే ఉన్నాయి. పదం పెట్టెలో ఉన్నది, పెట్టె తెరచి వీధిలోకి తేవలసినవారు మనం. వెయ్యేళ్ళ క్రితం ఇబ్న్ అల్ హైతం వెలుగును గురించి పెద్దలు చెప్పినదానిని అట్లే నమ్మక, ప్రయోగం చేసి చూచి వ్రాశాడు. ఆయన పేరు చెప్పుకొని గర్వించడం సులభం. కంటికి కనబడని ఈ వెలుగు ముందు ఆయన వలె నిలిచి, ఎంత అని అడగడం మన వంతు.

విద్యార్థి మిత్రులారా! సెలవులకు మీ ఊళ్ళకు వెళ్ళినప్పుడు ఎవరో ఒకరు ఆసుపత్రి కాగితం మీ చేతిలో పెడతారు. చదువుకొన్నవారని నమ్మి పెడతారు. తెలిస్తే నిదానంగా చెప్పండి, తెలియకపోతే తెలిసినవారిని అడిగి మరునాడు చెప్పండి. మాకు ఆ మరునాటి ఓపిక లేకపోయింది. మీకు ఉండాలని మా కోరిక.